సాన మునెప్పకు నేనిచ్చిన పంచరు డబ్బీ

ముందుగా ఒట్టు. నేను రాయబోయే దాంట్లో ప్రతి మాటా నిజం. హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుడి మీద ఒట్టు వేద్దునుగానీ, ఆయనకు నా సంగతి చాలా ఏళ్లుగా తెలుసు. పైగా ఇదివరకు వేసినవి కొన్ని ఆయన దగ్గర అలాగే పడి ఉన్నాయి. అందుకని నా పాత సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను. అది నాతో ఎన్నడూ అబద్ధమాడలేదు. నేను దాని గురించి ఆడానేమో, అది వేరే సంగతి.

ఇది ఒక ఘోరం. ఇందులో ఒక మేనమామ ఉన్నాడు, ఒక జత బంగారు కమ్మలున్నాయి, ముప్పై మైళ్ల రోడ్డుంది, ఒక తగరపు డబ్బీ ఉంది. ఎవరూ చావలేదు. అయితే ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుంబావుకు కృష్ణగిరిలో ఒక మామిడికాయల మండీ వాకిట్లో, చావడమే నయమని నేననుకున్న మాట వాస్తవం.

యాభై రెండో, యాభై మూడో సంవత్సరం. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. హోసూరులో ఎలిమెంటరీ బడి పంతుల్ని. పగలంతా పిల్లలకు చెప్పిన పాఠం చాలక, సాయంత్రం సైకిలు అంగడి ముందు బల్ల మీద కూర్చుని దారినపోయే వాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. సీటు మీద కూర్చుని మడమ కింది పెడలు మీద పెడితే కాలు చక్కగా చాపుకోవాలి. సీటు అంతకన్నా కిందికి ఉంటే మోకాళ్లు పోతాయి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే పట్టావంటే నీకన్నా ముందు నీ తలగుడ్డ ఊరు చేరుతుంది. వెనకది ముందు పట్టు. దూరం పోయేటప్పుడు దాహం వేసేదాకా ఆగొద్దు, అంతకుముందే గుక్కెడు తాగు. పంచె కొస చెయినుకు అందనివ్వకు. ఇవన్నీ మంచి సలహాలే. కావాలంటే రాసుకోండి, ఇవాళ్టికీ పనికొస్తాయి. సలహాల్లో ఏ లోపమూ లేదు. వాటిని మోసుకు తిరిగేవాడిలోనే ఉంది.

హోసూరు నుంచి కృష్ణగిరికి మూడు గంటల్లో తొక్కేవాడినని నాకు పేరు. ఆ పేరు పెట్టింది నేనే. హోసూరు మిట్ట మీద ఉందనీ, ఆ రోడ్డు చాలావరకు కిందికే దిగుతుందనీ, గుమ్మడికాయను దొర్లించినా సాయంత్రానికి కృష్ణగిరిలో తేలుతుందనీ మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. తిరుగు ప్రయాణంలో నా సైకిలు బస్సు పైనా, నేను బస్సు లోపలా ఉండేవాళ్లమన్న విషయం కూడా నాలుగూళ్లకు పాకకుండా జాగ్రత్తపడ్డాను.

మా అక్కను ఇచ్చింది కృష్ణగిరిలో ఒక మామిడి మండీ వాళ్లకు. ఆ వేసవిలో అక్క కూతురు రుక్కుకు పది నెలలు నిండాయి, చెవులు కుట్టాలన్నారు. మాలో చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్లో కూర్చోవాలి, కమ్మలు మేనమామ చేత్తో రావాలి. మామ లేకుండా కుట్టడం మగపెళ్లివారు లేకుండా పెళ్లి చేయడం లాంటిది. రుక్కుకు ఉన్న ఒకే ఒక్క మామను నేను. బుధవారం, పన్నెండుకు రాహుకాలం వస్తుంది కాబట్టి ఆలోపలే కుట్టాలి.

అక్క అత్తగారు నంజమ్మకు మా ఇంటి మీద పాత కోపం ఒకటుంది. అక్క పెళ్లిలో మేము తేవలసిన పూలు, తాళి కట్టడం అయిపోయాక వచ్చాయి. వాటిని సైకిలు మీద తెచ్చింది ఎవరో మీరు ఊహించగలరు. అప్పటి నుంచీ ఆమె అక్కను ఏ చిన్న ఆలస్యానికైనా "పుట్టింటి పద్ధతి" అని దెప్పేది. ఈసారి ఇంకో అడుగు ముందుకేసి, పన్నెండులోగా ఆ అబ్బాయి రాకపోతే బిడ్డను తన తమ్ముడి ఒళ్లో పెట్టి కానిచ్చేస్తానని ఊరందరి ముందూ అనేసిందట. అక్క హోసూరు వచ్చినప్పుడు నన్ను వాకిట్లో నిలబెట్టి మెల్లగా చెప్పింది.

"మా తమ్ముడు తెల్లారే వచ్చేస్తాడని ఆయమ్మకు చెప్పినాను రా. ఈ తూరన్నా నా మాట నిలబెట్టు. లేకుంటే ఆ ఇంట్లో ఇంగ నేను తలెత్తి మాట్లాడేదానికి లేదు."

నిలబెడతానన్నాను. ఎవరైనా అంటారు. అనడానికి తొక్కనక్కరలేదు కదా.

అమ్మా నాన్నా ముందురోజే బస్సులో వెళ్లారు. హోసూరు కంసాలి కమ్మలు ఇవ్వడం ఆలస్యం చేసినందువల్ల నేను ఆగాను. బంగారం పెట్టుకుని సైకిలెక్కవద్దని, పొద్దున బస్సుకే రమ్మని అమ్మ పదిసార్లు చెప్పి వెళ్లింది. అయితే అంతకు రెండు రోజుల ముందే, సైకిలు అంగడి బల్ల మీద, దూర ప్రయాణానికి బస్సును నమ్ముకునేవాడు మగాడే కాడని నేను ప్రసంగించి ఉన్నాను. విన్నవాళ్లు అయిదుగురు. ఆ అయిదుగురూ బస్టాండు దగ్గరే ఉంటారు.

ఇక బంగారం ఎక్కడ దాచాలన్న ప్రశ్న. శూలగిరి దాటాక గుట్టల మధ్య దొంగలుంటారని అప్పట్లో చెప్పుకునేవారు. జేబు సంగతి దొంగలకు తెలుసు. నడుం తెలుసు. తలగుడ్డా తెలుసు. అప్పుడు నా బుర్రలో ఒక దివ్యమైన ఆలోచన పుట్టింది. సీటు వెనక తోలు సంచీలో పంచరు డబ్బీ ఉంది. రబ్బరు ముక్కలు, సొల్యూషను ట్యూబు, గరుకు కాగితం పెట్టుకునే తగరపు డబ్బీ. ఏ దొంగా దాన్ని ముట్టుకోడు. దొంగే కాదు, నేనూ ముట్టుకోను, ఎందుకంటే నా సైకిలు పంచరవదు. రోజా రంగు కాగితంలో చుట్టిన కమ్మలను డబ్బీ అడుగున పెట్టి, పైన రబ్బరు ముక్కలు పరిచి, మూత వేశాను. ఆ తెలివికి నాకు నేనే దణ్ణం పెట్టుకున్నాను.

ఆరింటికి బయల్దేరాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కొత్త పంచె, కాళ్లకు క్లిప్పులు. రోడ్డు దిగుతూ ఉంది, గాలి చల్లగా ఉంది, తొమ్మిదికల్లా చేరవలసినవాణ్ణి. అయితే దారిలో సైకిళ్లు ఎదురయ్యాయి. నాకు సైకిలు కనిపించడమంటే వైద్యుడికి దగ్గు వినిపించడం లాంటిది. ఒకాయనకు సీటు పైకెత్తమని చెప్పాను. ఇంకొకాయనకు చెయిను వదులైందని చూపించాను. శూలగిరి దగ్గర పాల డబ్బాలు కట్టుకుని పోతున్న ఒకాయన పక్కపక్కనే ఒక మైలు తొక్కి, బరువు రెండు వైపులా సమంగా ఎందుకు ఉండాలో వివరించాను. ఆయన చివరికి సైకిలు దిగి పొలం గట్టుకు అడ్డంపడి వెళ్లిపోయాడు. అతనిది దగ్గర దారి అయి ఉంటుందని అప్పుడు అనుకున్నాను.

కృష్ణగిరి ఇంకా ఏడు మైళ్లుందనగా, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ గోడ మీద ఒక మనిషి కనిపించాడు. నలభై ఏళ్లుంటాయి, నల్లగా, పలచగా. పక్కన సైకిలు. దానికి వెనక చువ్వల మీద సానరాయి బిగించి ఉంది. అతను సాన మునెప్ప. ఊరూరూ తిరిగి కత్తులూ కొడవళ్లూ నూరేవాడు. స్టాండు వేసి, సీటెక్కి తొక్కితే రాయి తిరుగుతుంది. అంటే పొద్దున్నించి సాయంత్రం దాకా తొక్కినా అంగుళం ముందుకు కదలని మనిషన్నమాట. అలాంటివాడికి తొక్కడం గురించి పాఠం చెప్పే అవకాశం ఎన్ని జన్మలకు వస్తుంది? ఆగాను. పైగా అతని చక్రం చప్పబడి ఉంది.

"పంచరా అప్పా?"

"అవునప్పా. తుమ్మముల్లు."

"ఏసేది తెలుసునా?"

"సరిగ్గా తెలీదప్పా."

ఇంకేం కావాలి? ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. ఆ చోట తుడిచి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషను రాసి వెంటనే అంటించకూడదు, వేలికి అంటనంత ఆరాలి. అన్నిటికన్నా ముఖ్యం, టైరు లోపల వేలు పెట్టి తడిమి ముల్లు తీసెయ్యాలి. లేకపోతే అదే ముల్లు అదే చోట మళ్లీ కాటేస్తుంది. అలా నేను చెబుతున్నాను, పని జరుగుతున్నది. మునెప్ప ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. సొల్యూషను ఆరేలోపల నా గురించి కూడా చెప్పాను. నేను ఎవరినో, ఎవరి కొడుకునో, కృష్ణగిరిలో ఏ మండీకి పోతున్నానో, మేనకోడలి చెవులు కుట్టడం నేను లేకపోతే ఎలా ఆగిపోతుందో, నంజమ్మ ఎటువంటిదో అన్నీ చెప్పాను. ఆ మోరీ మీద కూర్చుని పరాయివాడికి నా వంశమంతా విప్పి పరిచాను.

బయల్దేరబోతూ, ఉదారంగా డబ్బీ అతనికే ఇచ్చాను.

"ఉంచుకోప్పా. నాకు దీంతో పనిబడేది లేదు."

అతను దాన్ని రెండు చేతులా పుచ్చుకున్నాడు. నేను ఈల వేసుకుంటూ వెళ్లిపోయాను. చదువరీ, మీకు తట్టింది నాకు తట్టలేదు. అది కృష్ణగిరిలో తట్టింది.

పదింటికి మండీ చేరాను. మామిడికాయల గుట్టలను ఒక పక్కకు నెట్టి, మధ్యలో పీట వేసి, ముగ్గు పెట్టి ఉంది. యాభై మంది జనం. అక్క ముఖం నన్ను చూడగానే వెలిగింది. అమ్మ నా చొక్కా పట్టుకుని నలుగురికీ చూపించింది. "చూడండమ్మా, ముప్పై మైళ్లు తొక్కొచ్చినాడు, ఒక మరకైనా ఉండాదా?" నంజమ్మ గడియారం చూసి, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, తమలపాకులు సర్దింది. చెవులు కుట్టే ఆచారి సూది పట్టుకుని చెయ్యి చాపాడు.

"కమ్మలియ్యప్పా."

సీటు వెనక సంచీలో చెయ్యి పెట్టాను. స్పానరు తగిలింది. నూనెగుడ్డ తగిలింది. సంచీ అడుగు తగిలింది. ఆ తర్వాత ఇంకేమీ తగలలేదు. ముప్పై మైళ్లలో ఒక్క చుక్క పట్టని చెమట అప్పుడు ఒక్కసారిగా పట్టింది.

నిజం చెబితే అయిపోయేది. నేను చెప్పింది ఇది: సైకిలు బ్రేకు కొంచెం బిగించాలి, చిటికెలో వస్తాను. యాభై మంది ముందూ సైకిలు మళ్లీ రోడ్డెక్కించాను. అక్క పరుగున గడప దాకా వచ్చింది.

"యాడికి రా?"

"ఈడికే అక్కా. ఇదో, వచ్చేస్తా."

ఆమె గడప మీదే నిలబడిపోయింది. ఆ ముఖం మాత్రం ఏడు మైళ్లూ నా ముందే పోతూ ఉంది.

మీకు ఆ రోడ్డు గురించి ముందే చెప్పాను. దిగేటప్పుడు గుమ్మడికాయ కూడా దిగుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం మనిషి ఎక్కాలి. నాకు ఆ అనుభవం లేదు. నడినెత్తి మీద ఎండ, ఎదురుగాలి, ఖాళీ కడుపు. దాహం వేయకముందే తాగమని ఊరికంతా చెప్పిన వీరుడి దగ్గర నీళ్లు లేవు. సీటు మీంచి లేచి తొక్కాను, దిగి తోశాను, కొంతదూరం సైకిలే నన్ను ఈడ్చిందేమో కూడా. ఒక మైలురాయి దగ్గర నా వెనకనుంచి వచ్చిన మేకల మంద నన్ను దాటిపోయింది.

సగం దూరం పోయాక హోసూరు వైపు నుంచి ఒక బస్సు వచ్చింది. కిటికీలోంచి ఎవరో నడుం దాకా బయటికి వచ్చి, చెయ్యి గాల్లో ఆడిస్తూ, నన్ను చూసి గట్టిగా ఏదో అరుస్తున్నారు. చేతిలో ఏదో తళుక్కుమంటోంది. ఎండలో నా దీక్షను చూసి ఎవరో ముచ్చటపడ్డారనుకున్నాను. ఆ స్థితిలో కూడా వెన్ను నిటారు చేసి, కాలరు సర్దుకుని, హుందాగా చెయ్యి ఊపాను. బస్సు దుమ్ము నా నోట్లో కొట్టి వెళ్లిపోయింది. దాని పైన, సామాన్ల మధ్య, సానరాయి బిగించిన ఒక సైకిలు ఆకాశం వైపు చక్రాలు పెట్టుకుని పోతున్నది. దుమ్ములో నేనది చూడలేదు. చూసిన వాళ్లు తర్వాత చెప్పారు.

మోరీ దగ్గరికి చేరేసరికి పదకొండున్నర దాటింది. గోడ మీద ఎవరూ లేరు. మేకల కోసం కాచుకున్న ఒక ముసలమ్మ నీడలో కూర్చుని ఉంది. ఇందాక నన్ను దాటిన మేకలు అప్పటికే వచ్చి ఆమె చుట్టూ మేస్తున్నాయి. సాన మనిషి ఎటు పోయాడని అడిగాను.

"ఆయప్పా? బస్సెక్కి కృష్ణగిరికి పాయె. ఎవురో పిచ్చాయప్ప బంగారం పారేసుకొని పోయినాడంట. పాపం, ఇచ్చేసి వస్తానని పరిగెత్తినాడు."

"ఆ పిచ్చాయప్ప ఎవరో చెప్పినాడా?"

ఆమె నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసింది. "చొక్కా తెల్లగా ఉంటాదని చెప్పినాడు" అంది.

తిరిగి దిగిన దిగుడు గురించి నేను గర్వంగా చెప్పుకోలేను. ముందు బ్రేకు ఒక్కటే పట్టాను. పంచె కొస చెయినులో పడింది, సగం అక్కడే ఉండిపోయింది. సలహాలన్నిటినీ ఒక్కొక్కటిగా అతిక్రమిస్తూ, పన్నెండుంబావుకు మండీ వాకిట్లో పడ్డాను. పడ్డాను అంటే దిగాను అని కాదు. మామిడికాయలకు పరిచిన గడ్డి లేకపోతే ఈ జ్ఞాపకం రాయడానికి నాకు పళ్లుండేవి కావు.

గడ్డిలోంచి తలెత్తి చూశాను. పీట మీద సాన మునెప్ప కూర్చుని ఉన్నాడు. నాకోసం కొన్న జరీ కండువా అతని భుజాన ఉంది. నాకోసం తీసిన గంధం అతని మెడకు ఉంది. అతని ఒళ్లో రుక్కు, రెండు చెవులకూ కమ్మలు పెట్టుకుని, అతని మీసం పీకుతూ నవ్వుతున్నది. పక్కన నంజమ్మ తన చేత్తో అతనికి మామిడిపండు కోసి పెడుతున్నది.

ఏం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. పదకొండున్నరకు మునెప్ప డబ్బీ పట్టుకుని వచ్చాడు. సామాను సర్దుకుంటూ డబ్బీ మూత తీస్తే కమ్మలు కనిపించాయట. ఏ మండీయో, ఎవరి బిడ్డో, ఏ వేళకో అన్నీ నేనే చెప్పి ఉన్నాను కాబట్టి దారి వెతకవలసిన పనిలేకపోయింది. కమ్మలు వచ్చాయి, మామ లేడు. పన్నెండు దగ్గరపడింది. నంజమ్మ తమ్ముడు కండువా దులుపుకుని పీట వైపు కదిలాడు. అప్పుడు మా అక్క, అత్తగారి ఎదుట ఏనాడూ నోరు విప్పని మా అక్క, బిడ్డను తీసుకెళ్లి చెమటతో నిలబడి ఉన్న ఆ పరాయి మనిషి ఒళ్లో పెట్టింది.

"కమ్మలు తెచ్చినాయనే మామ. వేళకు వచ్చినాడు. మా పుట్టింటి మనిషే" అందట.

నంజమ్మ కాదనడానికి నోరు తెరిచింది. కాదనేలోపల ఇంకొకటి జరిగింది. మునెప్ప ఆచారి చేతిలో సూదిని ఒక్కసారి చూసి, అది మొద్దుబారిందన్నాడు. బస్సు మీంచి దింపిన సైకిలుకు స్టాండు వేసి, రాయి తిప్పి, రెండు నిమిషాల్లో దాన్ని వెంట్రుక లాగా చేసి ఇచ్చాడు. బిడ్డకు కుట్టినట్టే తెలియలేదు. కృష్ణగిరిలో చెవులు కుట్టించుకుంటూ నవ్విన మొదటి బిడ్డ మా రుక్కేనని నంజమ్మ ఇవాళ్టికీ చెప్పుకుంటుంది. ఆ సాయంత్రం ఆమె తన ఇంట్లోని కత్తిపీటలు మూడూ, ఇరుగుపొరుగువి పదీ అతనితో నూరించింది.

గడ్డి దులుపుకుంటూ నేను అక్క దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను. చిరిగిన నా పంచె చూసి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా మాట నిలబడింది లే రా" అంది చివరికి. "నువ్వు నిలబెట్టలా, అంతే."

ఆ తర్వాత పదిహేనేళ్లలో మునెప్ప ఆ ఇంటి మనిషైపోయాడు. పండక్కి బట్టలు పెడితే ముందు అతనికి, తర్వాత నాకు. రుక్కు అతన్ని "మామా" అంటుంది, నన్ను "ఆ మామ" అంటుంది. మొన్నామధ్య సైకిలు నేర్చుకుంటానని పేచీ పెట్టింది. నేను ఉత్సాహంగా లేచి, సీటు ఎత్తు గురించి మొదలుపెట్టేలోపల, మునెప్ప మామ నేర్పుతాడని చెప్పి వెళ్లిపోయింది. రెండు రోజుల్లో నేర్చుకుంది. అతను ఒక్క సలహా కూడా చెప్పలేదట. వెనక సీటు పట్టుకుని పరుగెత్తాడట, అంతే.

అంచేత ఇందుమూలంగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో పంచరు డబ్బీలో బంగారం దాచను. బయల్దేరేముందు సంచీలో చెయ్యి పెట్టి చూసుకోకుండా కదలను. బస్సు కిటికీలోంచి ఎవరు చెయ్యి ఊపినా, తిరిగి ఊపేముందు వాళ్ల చేతిలో ఏముందో చూస్తాను. రోడ్డు మీద ఏ సైకిలాయనకూ, ఎంత ఘోరంగా తొక్కుతున్నా సరే, అడగకుండా సలహా చెప్పను. ఇది అక్షరాలా పాటిస్తాను, కనీసం ఈ ఊరి పొలిమేర దాటేదాకా.

ఇక ఒక చిన్న సంగతి. ఇది అచ్చయితే రుక్కు చదువుతుంది. చదివితే మునెప్పకు వినిపిస్తుంది. అతను మీసం కింద నవ్వుకుంటాడు. ఆ నవ్వు నేను భరించలేను. కాబట్టి హ్యాండిలు మీంచి చెయ్యి తీసి చెబుతున్నాను. పై కథలో ఒకటి నేను కల్పించాను. మోరీ దగ్గర పంచరైంది మునెప్ప సైకిలు కాదు, నాది. "పంచరా అప్పా" అని అడిగింది అతను. "సరిగ్గా తెలీదప్పా" అన్నది నేను. డబ్బీ నేనివ్వలేదు; అతను పైనున్న రబ్బరు ముక్క ఒకటి తీసి పంచరు వేసి, డబ్బీ గోడ మీద పెడితే, నేను మరిచి వెళ్లిపోయాను. ట్యూబు తడిపి, రుద్ది, ముల్లు తీసి, అంటించి, గాలి కొట్టింది అంతా అతనే. నేను చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి, అతను చేస్తున్న ప్రతి పనినీ అతనికే వివరించాను.

అందుకే ఆ రోజు నా చొక్కా అంత తెల్లగా ఉంది.